గడ్డకట్టిన అయిదు సీసాలు

మా ముత్తాత వేంకట నర్సింహారావు నిజాం ప్రభుత్వంలో కారేపల్లి చుట్టుపక్కల పదకొండు ఊళ్లకు శిస్తు వసూలు చేసే మాలీ పటేలు. ఆయన తమ్ముడు పోలీసు పటేలు. మా తాత రాఘవరావు కచ్చేరీకి వెళ్తే తహసీల్దారు కుర్చీలోంచి లేచి నిలబడేవాడని పెద్దలు చెప్పేవారు. నేను చూడలేదు కనుక దానికి పూచీ పడను. కాని గోడ ఒక్కటే మిగిలిన మా ఇంటిని ఊళ్లో ఈనాటికీ గడి అనే అంటారు. భూములు కౌలుదారి చట్టంలో కొన్ని, భూసంస్కరణల్లో కొన్ని, అన్నదమ్ముల వ్యాజ్యాల్లో మిగిలినవి పోయాయి. హాజరు పుస్తకంలో సంతకం పెట్టి నెల జీతం తీసుకున్న మొదటి మనిషిని మా వంశంలో నేనే. ఫార్మసీలో పీజీ చేశాను. ముప్పై ఒక్క ఏళ్లు ఒకే మిషన్ ఆస్పత్రిలో పనిచేసి చీఫ్ ఫార్మసిస్టుగా రిటైరయ్యాను. ఇది ముందే చెప్పడానికి కారణం ఉంది. నేను రాయబోయే తప్పు చదువు లేక జరిగింది కాదు.

కొవిడ్ రెండో విడత సద్దుమణిగిన మరుసటి ఏడాది, జూలై నెల. నా ఉద్యోగం ఇంకో మూడేళ్లు మిగిలి ఉంది. మా ఆస్పత్రి మణుగూరు వైపు, అడవి అంచున ఉంటుంది. ఎనభై పడకలు, ఆరు పడకల ఐసీయూ, చిన్న ల్యాబ్. ఖమ్మంలో మాకొక శాఖ ఉంది. అందులో టీకాల గది, ఒక డీప్ ఫ్రీజర్, ఇద్దరు సిబ్బంది. డాక్టరు మందు రాస్తుంది, నర్సు ఇస్తుంది. ఈ రెండింటి మధ్య ఆ మందు ఏ స్థితిలో ఉందో చూసి సంతకం పెట్టడం ఫార్మసిస్టు పని. ఆ సంతకం లేకుండా సీసా వార్డుకు పోదు.

ఆ నెల మొదట్లో సమ్మక్క అనే కోయ స్త్రీని, ఖర్చు భరించలేని స్థితిలో, ఖమ్మంలోని ఒక ప్రైవేటు ఆస్పత్రి నుంచి మాకు పంపారు. ముప్పై ఏళ్ల మనిషి. నేల మీద పడుకుని ఉండగా కట్లపాము కరిచింది. కట్లపాము విషం ఊపిరి కండరాలను చచ్చుబడేలా చేస్తుంది. పదకొండు రోజులు వెంటిలేటరు మీద ఉండి విషం నుంచి బయటపడింది. కాని వెంటిలేటరు మీద ఎక్కువ రోజులున్న వాళ్లకు పట్టుకునే న్యుమోనియా ఆమెకూ పట్టుకుంది. గొంతుకు గొట్టం, ఆక్సిజన్, తగ్గని జ్వరం. ఆ స్థితిలో మా దగ్గరికి వచ్చింది.

కఫం మా ల్యాబ్‌లో పరీక్షించారు. గాజు పళ్లెం మీద బాక్టీరియాను పరిచి, మందు అద్దిన కాగితపు బిళ్లలు పెడతారు. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ ఖాళీ వలయం వస్తుంది. సమ్మక్క పళ్లెంలో ఒక్క బిళ్ల చుట్టూ కూడా వలయం రాలేదు. క్లెబ్సియెల్లా అనే బాక్టీరియా అది, మా దగ్గరున్న మందులన్నింటికీ మొండికేసింది. పాలీమిక్సిన్ అనే పాత మందును గొట్టాల్లో విడిగా పరీక్షిస్తే అదొక్కటే పనిచేసింది. ఆ మందుకున్న చెడు గుణం, కిడ్నీలను దెబ్బతీయడం. ఖమ్మంలో నాలుగు రోజులు అదే ఇచ్చి, రక్తంలో క్రియాటినిన్ పెరుగుతుంటే ఆపేశారు. క్రియాటినిన్ పెరిగిందంటే కిడ్నీ పని తగ్గిందని అర్థం. మా దగ్గర డయాలసిస్ లేదు.

మా సూపరింటెండెంటు డాక్టర్ గ్రేస్ నన్ను పిలిచి, లైపోసోముల గురించి నేను ఎప్పుడో సిబ్బందికి చెప్పిన పాఠం గుర్తుందని చెప్పింది. లైపోసోమ్ అంటే కంటికి ఆనని చిన్న బుడగ. మన కణాల పైపొర ఏ రకం కొవ్వుతో ఉంటుందో ఆ రకం కొవ్వుతోనే దాన్ని చేస్తారు. బుడగ లోపల మందు ఉంటుంది. రక్తంలో పోతున్నప్పుడు మందు పొర లోపలే ఉండిపోతుంది కనుక కిడ్నీకి తగిలేది తక్కువ. వాచిన ఊపిరితిత్తిలో రక్తనాళాలు వదులవుతాయి, అక్కడ బుడగలు ఎక్కువగా దిగుతాయి. బాక్టీరియా పైపొరకు అంటుకుని, దానిలో కలిసిపోయి, మందును నేరుగా దాని మీద కుమ్మరిస్తాయి. హైదరాబాదులో ఒక విశ్వవిద్యాలయ ప్రయోగశాల పాలీమిక్సిన్‌ను ఇలా బుడగల్లో పెట్టింది. అది దుకాణంలో దొరికే మందు కాదు, ప్రయోగ దశలోనిది. ఔషధ నియంత్రణ శాఖ అనుమతి, మా ఆస్పత్రి నైతిక సమితి అనుమతి, సమ్మక్క భర్త జోగయ్య వేలిముద్ర, అన్నీ వచ్చేసరికి తొమ్మిది రోజులు పట్టింది. పదిహేను సీసాలు ఇస్తామన్నారు. రోజుకు రెండు చొప్పున ఏడు రోజులకు పద్నాలుగు, అదనంగా ఒకటి. అనుమతి పత్రంలో ఆ సీసాల బాధ్యుడిగా నా పేరు రాశారు. కనుక ఖమ్మం వెళ్లి నేనే తీసుకురావాలి.

ఖమ్మం నుంచి మా ఆస్పత్రికి మామూలుగా నాలుగు గంటలు. ఆ వారం భద్రాచలం దగ్గర గోదావరి రెండో ప్రమాద హెచ్చరిక దాటింది. సారపాక అవతల రోడ్డు మీదికి నీళ్లొచ్చాయి. మిగిలింది ఇల్లందు, గుండాల మీదుగా అడవి దారి. దాని మీద వాగులు ఏ గంటకు పొంగుతాయో తెలియదు. ఎనిమిది గంటలు పట్టవచ్చు, పన్నెండూ పట్టవచ్చు.

పొద్దున ఆరున్నరకు ప్రయోగశాల మనిషి రైలు దిగి సీసాలు అప్పగించాడు. వాళ్ల థర్మకోల్ పెట్టె రైలు ప్రయాణానికి సరిపడేదే. వాటిని మా కోల్డ్ బాక్సులోకి మార్చాలి. సీసాల మీది కాగితంలో రెండు షరతులున్నాయి. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉంచాలి. గడ్డకట్టనివ్వకూడదు. గడ్డకడితే లోపలి మంచు పలుకులు కొవ్వు పొరను చీల్చేస్తాయి, మందు బయటికి వచ్చేస్తుంది. అప్పుడది బుడగ మందు కాదు, ఉత్త పాలీమిక్సిన్. పైగా బుడగలో ఉందన్న ధైర్యంతో మామూలు మోతాదు కంటే ఎక్కువ నింపి ఉంచిన పాలీమిక్సిన్.

టీకాల గది మార్తమ్మ చేతిలో ఉండేది. మధిర మనిషి, ఏఎన్ఎం శిక్షణ, ఇరవై ఏళ్లకు పైగా టీకాల పెట్టెలు సర్దిన చెయ్యి. ఆ రోజు ఆమె కూడా నెలవారీ టీకాలు తీసుకుని మాతో మా ఆస్పత్రికి రావాలి. ఆమె పెట్టె కోసం ఐస్ ప్యాకులు అయిదింటికే ఫ్రీజర్‌లోంచి తీసి బల్ల మీద పరిచింది. నా పెట్టె కోసం నేను అప్పుడే ఫ్రీజర్ తెరిచి రాయిలా ఉన్న ప్యాకులు తీశాను.

“సార్, అవి ఇంకా చెమట పట్టలేదండీ” అంది మార్తమ్మ. “ఓ ముప్పావుగంట బల్ల మీద పెడితే సరిపోద్ది.”

ఆ మాటకు అర్థం చెప్పాలి. ఫ్రీజర్‌లోంచి తీసిన ప్యాకు సున్నాకు చాలా కింద ఉంటుంది. బయట పెడితే కాసేపటికి పైన నీటి చుక్కలు పడతాయి, లోపల కొంత మంచు కరుగుతుంది. చెవి దగ్గర పెట్టి ఊపితే నీళ్ల చప్పుడు వినిపించాలి. అప్పుడది సున్నా దగ్గరికి వచ్చినట్టు. ఆ తర్వాతే గడ్డకట్టకూడని టీకాల పక్కన పెట్టాలి.

ఇవి టీకాలు కావు సిస్టర్ అన్నాను.

“గడ్డకట్టకూడనిది ఏదైనా ఒకటేగా సార్. పోనీ నావి తీసుకోండి. చెమట పట్టినయ్యి. నా టీకాలు రేపెల్లుండి తెచ్చుకుంటాను.”

గుమ్మంలో తాళం చెవి తిప్పుతూ డ్రైవరు యాకూబ్ నిలబడి ఉన్నాడు. “సిస్టరమ్మ మంచిగనే చెప్తున్నది గద సార్. నేను పోయి చాయ్ తాగొస్త. గంతల చెమటలు పడ్తయి.”

నీ పని బండి చూసుకోవడం అని యాకూబ్‌తో అన్నాను. సీసాల అట్టపెట్టె చుట్టూ గాజుగుడ్డ చుట్టాను. దారి ఎక్కువ కనుక చలువ ఎక్కువ కావాలి, గుడ్డ అడ్డంగా ఉంటుంది కనుక ఇబ్బంది లేదు అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ లెక్క తప్పని నాకు తెలియకపోలేదు. నాకు అడ్డం వచ్చింది వేరే. మా ఇంట్లో పనివాళ్ల ముందు అన్న మాట వెనక్కి తీసుకోవడం ఉండేది కాదు. డ్రైవరు చూస్తుండగా ఏఎన్ఎం నన్ను దిద్దింది. నేను పెట్టెకు రెండు పక్కలా గట్టి ప్యాకులు పెట్టి మూత బిగించాను.

జీపులో వెనక సీటు మీద రెండు పెట్టెలు, మధ్యలో మార్తమ్మ. ఇల్లందు దాటాక యాకూబే ఉండబట్టలేక, “ఒక్క జీపుల ఇద్దరు పెండ్లికూతుర్లు ఎక్కినట్టున్నది సార్. ఎవరి పెట్టె వాళ్లదే, ఒకరి పెట్టెల ఒకరు చెయ్యి పెట్టరు” అన్నాడు. మార్తమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్వు ఆపుకుంది. నేను వినిపించుకోనట్టు ఉన్నాను.

గుండాల ముందర ఒక వాగు దగ్గర రెండు గంటలు ఆగాం. ఊరివాళ్లు కల్వర్టు పక్కన కర్ర పాతి నీళ్లు చూస్తున్నారు. కర్ర మీది గీత కనబడితేగాని బండిని పోనివ్వరు. నియమం ప్రకారం దారిలో పెట్టె తెరవకూడదు. మూతకు బిగించిన గడియారం లాంటి థర్మామీటరు నాలుగు డిగ్రీలు చూపిస్తోంది. దాన్ని చూసి ధైర్యం తెచ్చుకున్నాను. ఆ ముల్లు మూత కింది గాలిని కొలుస్తుంది, ప్యాకును ఆనుకున్న సీసాను కాదు. ఆ సంగతి నేనే ప్రతి ఏడూ శిక్షణలో చెప్పేవాణ్ని.

మధ్యాహ్నం మూడింటికి ఆస్పత్రి చేరాం. ఫార్మసీలో పెట్టె తెరిచాను. అట్టపెట్టెలో సీసాలు అయిదేసి చొప్పున మూడు వరసలు. ఎడమ పక్క వరసలో మొదటి సీసా భుజం మీద తెల్లటి నూగు కనబడింది. వేలు పెట్టాను, తడైంది. అర నిమిషంలో ఏ గుర్తూ లేదు. లోపలి మందు మిగతా సీసాల్లో లాగే పలచటి పాలలా ఉంది.

స్వీకరణ రిజిస్టరులో ఒక గడి ఉంటుంది, వచ్చినప్పటి స్థితి అని. అందులో ‘నాలుగు డిగ్రీలు, సరిగా ఉన్నాయి’ అని రాసి సంతకం పెట్టాను. ఐసీయూ నర్సు అప్పటికే గుమ్మంలో ఉంది. సమ్మక్క ఊపిరి పొద్దుటికంటే వేగంగా ఉందని, డాక్టరమ్మ మందు వెంటనే కావాలన్నదని చెప్పింది. ట్రేలో చేతికి దగ్గరగా ఉన్న సీసా ఇచ్చాను. అది ఎడమ పక్క మొదటిది.

పక్క బల్ల మీద మార్తమ్మ తన పెట్టె విప్పుతోంది. ఒక్కో ప్యాకు చెవి దగ్గర పెట్టి ఊపి పక్కన పెడుతోంది. “మీవి ఎట్లా వచ్చినయ్యి సార్” అని అడిగింది. బాగానే వచ్చాయి అన్నాను. “మంచిదండీ” అని తన పని చూసుకుంది.

కుర్చీలో కూర్చుని మిగిలిన పద్నాలుగు సీసాలకు చీటీలు రాయడం మొదలుపెట్టాను. ప్రతి చీటీ మీద మోతాదు రాయాలి. మూడో చీటీ దగ్గర కలం ఆగింది. పొర చిరిగి ఉంటే ఆ అంకె మొత్తం గంటలోగా ఆమె కిడ్నీలకు చేరుతుంది. ఇప్పటికే సగం దెబ్బతిన్న కిడ్నీలు. డయాలసిస్ ఉన్న ఆస్పత్రి నీళ్ల అవతల. ఈ లెక్క ఆ ఆస్పత్రిలో నాకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. గోడ గడియారం చూశాను. సంతకం పెట్టి ఇరవై నిమిషాలైంది. సెలైన్‌లో కలపడానికి, గొట్టంలో గాలి తీయడానికి పట్టే సమయం దాదాపు అంతే.

ఫార్మసీ నుంచి ఐసీయూకు వంద అడుగుల వరండా. ఇరవై ఎనిమిదేళ్లలో ఆ వరండాలో నేను పరుగెత్తడం ఎవరూ చూడలేదు. ఆ రోజు చూశారు. నేను వెళ్లేసరికి నర్సు గొట్టం చివర సమ్మక్క చేతి సూదికి తగిలించబోతోంది. ఆపమన్నాను. ఆమె ఆపింది.

డాక్టర్ గ్రేస్ మంచం అవతల నిలబడి ఉంది. ఎందుకు అని అడిగింది. సీసాలు కొన్ని గడ్డకట్టి ఉండవచ్చునని, ప్యాకులు చెమట పట్టకముందే నేను పెట్టె మూశానని, మార్తమ్మ చెప్పినా వినలేదని, రిజిస్టరులో తప్పు రాశానని చెప్పాను. నర్సులు ఇద్దరు, వార్డు ఆయా, నా పరుగు చూసి వెనకే వచ్చిన యాకూబ్ అందరూ విన్నారు.

డాక్టర్ గ్రేస్ గొంతు పెంచలేదు. ఎన్ని పోయాయి అంది. తెలియదన్నాను. ఎప్పటికి తెలుస్తుంది అంది. అదీ చెప్పలేనన్నాను.

“నేను సాయంత్రం ఆరు వరకు ఆగుతాను” అంది. “ఆ తర్వాత ఉత్త పాలీమిక్సిన్ మొదలుపెడతాను. కిడ్నీలు పోయినా పోతాయి. మందే లేకుంటే రేపటికి మనిషి ఉండదు.”

అప్పుడు మూడున్నర.

హైదరాబాదు ప్రయోగశాలకు ఫోన్ చేశాను. బుడగలు కొలిచే యంత్రం వాళ్ల దగ్గర ఉంది, మా దగ్గర లేదు. పార్సిల్‌లో నాలుగు జల్లెడ గొట్టాలు పెట్టామని, బుడగ దాటలేని, విడి మందు మాత్రం దాటగలిగే జల్లెడ అందులో ఉందని చెప్పారు. ఉన్నవి నాలుగే. సీసాలు పద్నాలుగు. ఏ నాలుగింటిని పరీక్షించాలన్నది ప్రశ్న.

తిరిగి వచ్చేసరికి మార్తమ్మ ఫార్మసీ గుమ్మంలో నిలబడి ఉంది. విషయం ఆమెకు అందింది. “ఊపి చూద్దామా సార్, టీకాలకు చూస్తాం కదా” అంది.

ఆ పరీక్ష నాకు పుస్తకంలో తెలుసు. ఆమెకు చేతిలో తెలుసు. టీకా గడ్డకట్టిందేమోనని అనుమానం వస్తే అదే రకం మంచి సీసా ఒకటి కావాలని గడ్డకట్టించి, కరిగించి, అనుమానపు సీసాతో కలిపి ఊపి, పక్కపక్కన నిలబెట్టి చూస్తారు. గడ్డకట్టినదాంట్లో మడ్డి త్వరగా దిగుతుంది. బుడగల మందుకూ ఇది కొంతవరకు వర్తిస్తుంది. పొరలు చీలిన బుడగలు ఒకదానికొకటి అంటుకుని రేణువులు కడతాయి.

“కాకపోతే ఒకటి చంపుకోవాలి” అంది మార్తమ్మ. “నడిమి వరసలోది.”

పద్నాలుగులో ఒకటి. నడిమి సీసా ప్యాకుకు దూరంగా ఉంది కనుక బాగున్నట్టు దాదాపు ఖాయం. దాన్నే పాడుచేయాలి. నేను ఒప్పుకున్నాను. మార్తమ్మ దాన్ని డీప్ ఫ్రీజర్‌లో పెట్టి టైము రాసింది. గంటన్నర పట్టింది అది రాయి కావడానికి. ఆ గంటన్నరలో నర్సు రెండుసార్లు వచ్చి ఊపిరి లెక్క చెప్పి పోయింది. రెండుసార్లూ లెక్క పెరిగింది.

గడ్డకట్టిన సీసాను అరచేతుల మధ్య తిప్పి కరిగించాం. మార్తమ్మ ఒక చేతిలో దాన్ని, ఇంకో చేతిలో ఎడమ వరసలోని ఒక సీసాను పట్టుకుని పదిసార్లు ఊపింది. నల్ల కాగితం ముందు నిలబెట్టింది. గడ్డకట్టించిన దాంట్లో రెండు నిమిషాలకే సన్నటి తెల్లటి పలుకులు అడుగుకు దిగాయి. ఎడమ వరస సీసాలోనూ దిగాయి. ఎడమ వరసలో మిగిలిన మూడూ అంతే. నర్సు సెలైన్‌లో కలిపిన దానితో కలిపి అయిదు.

కుడి వరస తీసింది. ఊపింది. నిలబెట్టింది. రెండు నిమిషాలు, అయిదు, పది. పాలు పాలలాగే ఉన్నాయి. అట్టపెట్టె తీసి చూస్తే ఆ పక్క గాజుగుడ్డ మడతపడి మూడు పొరలైంది. అది నా తెలివి కాదు, చుట్టడంలో జరిగిన పొరపాటు. నడిమి వరసలోని నాలుగు సీసాలూ బాగున్నాయి.

కంటికి కనబడింది చాలదు. ల్యాబ్‌లో జల్లెడ గొట్టాల్లో మూడింటిని వాడాం. గడ్డకట్టించిన సీసా నుంచి ఒకటి, కుడి వరస నుంచి ఒకటి, నడిమి వరస నుంచి ఒకటి. యంత్రంలో తిప్పి, జల్లెడ దాటిన నీటిలో బయ్యూరెట్ ద్రావణం కలిపాం. రక్తంలో ప్రోటీన్ చూడటానికి ప్రతి ల్యాబ్‌లో ఉండే నీలం మందు అది. పాలీమిక్సిన్ తగిలితే ఊదా రంగుకు తిరుగుతుంది. గడ్డకట్టించిన సీసా గొట్టం ఊదా అయింది. మిగతా రెండూ లేత నీలంగానే ఉన్నాయి. ల్యాబ్ టెక్నీషియన్ మూడు గొట్టాలను ఫోటో తీసి హైదరాబాదు పంపాడు. వాళ్లు ఒప్పుకున్నారు. అయిదూ యాభై అయిదు.

తొమ్మిది సీసాలు మిగిలాయి. ఏడు రోజుల మందు నాలుగున్నర రోజులకు వచ్చింది.

మందు మొదలుపెట్టే ముందు జరిగింది భర్తకు చెప్పాలన్నది నియమం. డాక్టర్ గ్రేస్ నన్నే చెప్పమంది. జోగయ్య ఐసీయూ గోడకు వీపు ఆనించి నేల మీద కూర్చుని ఉన్నాడు. పెట్టెలో మందు కొంత నా వల్ల చెడిపోయిందని, మిగిలింది పరీక్షించామని, అది పూర్తి కోర్సుకు చాలదని నిలబడే చెప్పాను. తర్వాత నేనూ కింద కూర్చున్నాను.

“మీరు చెప్పకుంటె మాకేం తెల్వదు సారూ” అన్నాడు. “ఇప్పుడు పెట్టేది మంచిదేనా? నువ్వు చూసినవా?”

చూశానన్నాను.

“నీకెవలు చూపిచ్చిన్రు?”

వరండాలో చేతులు కడుక్కుంటున్న మార్తమ్మను చూపించాను.

“గట్లయితె గామెను ఈడనే ఉండుమను” అన్నాడు.

మార్తమ్మ ఆ రాత్రికి ఖమ్మం వెళ్లగలిగే దారి ఎలాగూ లేదు. తొమ్మిది సీసాలు అయిపోయేదాకా ఉంది. ప్రతి సీసా ఊపి, నల్ల కాగితం ముందు పెట్టి, ఆమె తలూపాకే నేను సంతకం పెట్టాను. అది ఎవరూ పెట్టిన నియమం కాదు. నేనే అడిగాను. యాకూబ్‌కు ఇది చూడముచ్చటైంది. “మొత్తానికి ఒక్క పెట్టెకే వచ్చిన్రు” అని కాంటీన్‌లో అందరికీ చెప్పాడు.

మూడో రోజు జ్వరం దిగడం మొదలైంది. క్రియాటినిన్ మొదటి రెండు రోజులు కొద్దిగా పెరిగి, ఆగింది. అయిదో రోజు సాయంత్రం తొమ్మిదో సీసా ఇచ్చాం. అక్కడితో మందు అయిపోయింది. ప్రయోగశాల వాళ్లు కొత్త విడత తయారు చేస్తున్నారు, కాని గోదావరి ఇంకా తగ్గలేదు, గుండాల దారి కూడా మూసేశారు. ఏడో రోజు సాయంత్రం సమ్మక్కకు మళ్లీ చలి పట్టింది, జ్వరం వచ్చింది. ఎనిమిదో రోజు దారి తెరిస్తే మార్తమ్మ యాకూబ్ జీపులో ఖమ్మం వెళ్లింది. ఈసారి మార్తమ్మ ప్యాకులు పెట్టిన పెట్టె, మార్తమ్మే మూసిన మూత. యాకూబ్ ఒక్కడే తెచ్చాడు. రెండో విడత ఏడు రోజుల కోర్సు మొదటి నుంచి ఇవ్వాల్సి వచ్చింది. జ్వరం తిరగబెట్టి నీరసించింది కనుక, తర్వాత గొంతు గొట్టం తీయడానికి, నడిపించడానికి అనుకున్నదానికంటే ఎక్కువ రోజులు పట్టింది. సమ్మక్క బతికింది. కిడ్నీలు నిలబడ్డాయి. మొదటి పెట్టె సరిగా వచ్చి ఉంటే వెళ్లాల్సిన రోజుకు పదహారు రోజులు ఆలస్యంగా ఇంటికి వెళ్లింది.

జరిగిన పొరపాటు మీద నివేదిక రాయడం నా విధి. అందులో కారణం అనే గడి ఉంటుంది. మొదట ‘వరదల వల్ల ప్రయాణ ఆలస్యం’ అని రాశాను. అది అబద్ధం కాదు, కారణమూ కాదు. కొట్టేసి, ‘ఐస్ ప్యాకులు సిద్ధం కాకముందే పెట్టె మూయడం. అనుభవమున్న సిబ్బంది హెచ్చరించినా చీఫ్ ఫార్మసిస్టు వినకపోవడం. స్వీకరణ రిజిస్టరులో స్థితి తప్పుగా నమోదు చేయడం’ అని రాశాను. కొట్టేసిన వాక్యం చదవడానికి వీలుగానే ఉంచాను. సమితి నాకు మెమో ఇచ్చింది. ఆ ఏడాది ఖాళీ అయిన అడ్మినిస్ట్రేటర్ పదవికి నా పేరు పంపలేదు. రెండూ సరైనవే.

కొత్త మందు అంటే ప్రయోగశాలలో జరిగే పని అని వైద్యులూ ఫార్మసిస్టులూ అనుకుంటారు. ఆ బుడగను చేయడానికి ఎన్నేళ్లు పట్టిందో నాకు తెలుసు. దాన్ని చీల్చడానికి పట్టింది రాయిలా ఉన్న ఒక ప్యాకు, ముప్పావుగంట ఆగని ఒక మనిషి. మందు ఏ స్థితిలో ఉందో హోదాను బట్టి తేలదు. దాన్ని రోజూ చేత్తో పట్టుకునేవాళ్లు అన్న మాటను, అన్న మనిషి ఎవరైనా, ముందు పరీక్షించి తర్వాతే కాదనాలి. తప్పు తెలిసిన నిమిషానికీ చెప్పిన నిమిషానికీ మధ్య ఉన్న ఇరవై నిమిషాలు, మొదటి తప్పు కంటే పెద్ద తప్పు. ఆ తర్వాత మా ఆస్పత్రిలో కోల్డ్ బాక్సు మూత వేసే అధికారం ఫార్మసిస్టుకు తీసేసి, ప్యాకును చెవి దగ్గర ఊపి చూసినవాళ్లకే ఇచ్చాం. ఆ ఉత్తర్వు మీద సంతకం నాది.

దసరా తర్వాత క్రియాటినిన్ కోసం రక్తం తీయడానికి నేనే వాళ్ల గూడేనికి వెళ్లాను. సమ్మక్క ఇంటి ముందు కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. ఫలితం తర్వాత మంచిగానే వచ్చింది. జోగయ్య కూలికి పోయాడని చెప్పింది. ఆ అదనపు పదహారు రోజులూ అతను ఆస్పత్రి వరండాలోనే ఉన్నాడు. వాళ్ల రెండెకరాల్లో ఆ ఏడు నాట్లు పడలేదు. ఎడ్లు రెండూ వారపు సంతలో అమ్మేశారు.